మెప్పు అర్జీ

మా ఊళ్లో ఎవరైనా సర్కారుకు కాగితం రాశారంటే అది ఇంకొకరి కొంప ముంచడానికే. గట్టు జరిపాడని రాస్తారు, రేషన్ తూకంలో మోసమని రాస్తారు, పక్కింటామెకు పింఛను ఎలా వచ్చిందని రాస్తారు. ఒక మనిషి బాగా పనిచేస్తోందని రాసి, దాని కింద ముప్ఫై మంది చేత సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి, బస్సెక్కి పెద్దాఫీసు దాకా పోయి ఇచ్చి వచ్చిన ఘనుడు మాత్రం ఒక్కడే ఉన్నాడు. ఆయన మా చర్చి సెక్రటరీ వసంతకుమార్. ఆయన మెచ్చుకున్న మనిషి మా అత్త విశ్వాసమ్మ. ఆ సుగ్గిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సుగ్గి అంటే తెలియనివాళ్లకు చెబుతాను. కోసిగి పక్క పల్లె మాది. పత్తి తీయడం అయిపోగానే ఊరు ఊరంతా మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. డిసెంబరులో పోయినవాళ్లు మధ్యలో ఒకసారి వచ్చి పిల్లల మొహాలు చూసుకుని మళ్లీ పోతారు. అందరూ కలిసి ఇల్లు చేరేది ఉగాది దాటాకే. తల్లిదండ్రుల వెంట పోతే పిల్లల చదువు పాడవుతుందని సర్కారు బడిలోనే ఆ నెలలకు ఒక హాస్టల్ పెడుతుంది. మా అత్త ఆ హాస్టల్లో వంటమనిషి. కాపలా కూడా ఆమే, రాత్రి పిల్లల పక్కన పడుకునేదీ ఆమే, జీతం మాత్రం ఒక్కరిదే.

అయినా ఆ పని దొరికిన ఏడు మా ఇంట్లో పాయసం వండుకున్నాం. మా అత్తకు మిరప ఘాటు పడదు. చేలోకి దిగితే ఆయాసం పట్టుకుంటుంది, రాత్రంతా కూర్చుని గడపాల్సిందే. మామ పోయాక కూడా చాలా ఏళ్లు అలాగే దగ్గుతూ కాయలు కోసింది. హాస్టల్ పని ఉన్నంతకాలం ఆమె మిరప చేను మొహం చూడక్కర్లేదు. మాకు అదే పెద్ద ఉద్యోగం.

నా మొగుడు జయపాల్ సుగ్గికి పోతాడు. నేను ఇంట్లో ఉండి మిషన్ కుడతాను. నా పేరు స్తుతి. పేరుకే స్తుతి, నోరు తెరిస్తే తిట్లని మా అత్త అంటుంది. ఇది చదివాక మీరూ అదే అంటారు. అనుకోండి, నాకేం దిగులు లేదు.

హాస్టల్‌కు ఒక రూలుంది. బడి రిజిస్టరులో పేరున్న పిల్లలకే అన్నం. ఇప్పుడిప్పుడే నడుస్తున్న బిడ్డకు బడిలో పేరెక్కడ ఉంటుంది? వాళ్లు తల్లుల వెంట పోవాల్సిందే. అంతకు ముందు సుగ్గిలో ఒక పసిది చేను గట్టున ఆడుకుంటూ పురుగుమందు డబ్బా మూత నోట్లో పెట్టుకుంది. ఆస్పత్రిలో పడుండి చావు తప్పించుకుని వచ్చింది. రూలు రాసినవాడు ఏ ఫ్యాను కింద కూర్చుని రాశాడో గానీ వాడికి ఈ సంగతి తెలిసి ఉండదు. తెలిసినా మార్చడు.

ఆ డిసెంబరులో గుంటూరు పోయే ఐచర్ బండి బడి ముందు ఆగినప్పుడు షమా చంకలో చిన్న కూతురుతో దిగింది. పెద్ద కూతురు నాలుగో తరగతి, దాని పేరు రిజిస్టరులో ఉంది. చిన్నదానికి ఇంకా మాటలు కూడా సరిగా రావు.

"పెద్దమ్మా, దీన్ని ఆ మందుల్లోకి యాడ దీస్కపోదును?" అంది షమా. "పెద్దది ఈడనే ఉంటాది గదా. దానెంబడి ఇదీ ఉంటాది. నువ్వొక ముద్ద పెడ్తే సాలు."

"పెట్టకుండా సూస్తా కూసుంటానా? ఇడ్సిపెట్టి పో," అంది మా అత్త.

షమాను చూసి ఇంకొకామె దింపింది. ఆమెను చూసి మరొకామె. బండి కదిలేసరికి పేరు లేని పిల్లలు ఆరుగురు తేలారు. నేను మా అత్తను తిట్టాను. ఆమె ఎసట్లో ఇంకో రెండు గిద్దెల బియ్యం పోసింది. అదే ఆమె జవాబు.

బడి పెద్దసారు నరసన్న రోజూ మధ్యాహ్నం పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి, పళ్లేలతో ఫోటో తీసి పైకి పంపాలి. ఆ వేళకు ఆరుగురూ మా ఇంట్లో నా మిషన్ కింద గుడ్డపీలికలతో ఆడుకునేవాళ్లు. ఫోటో అయిపోయిందనగానే పరుగెత్తి పోయి అక్కల పక్కన కూర్చునేవాళ్లు. నరసన్న సారు చూసీ చూడనట్టు అటు తిరిగి ఫోన్ నొక్కుకునేవాడు. ఈ దేశంలో జరిగే మంచి పనుల్లో సగం ఇలా చూసీ చూడనట్టు ఉండేవాళ్ల పుణ్యమే. కళ్లు పూర్తిగా తెరిచినవాడు వస్తే అన్నీ ఆగిపోతాయి.

జనవరి ఆఖరులో మొదటి కోత అయిపోయి, ఆడవాళ్లు నాలుగు రోజులకని ఊరికి వచ్చారు. షమా కూతుర్ని చూసి గుర్తుపట్టలేదు. బుగ్గలు వచ్చాయి, మాటలు వచ్చాయి. తల్లిని చూసి అది మా అత్త కొంగు చాటున దాక్కుంది. షమా నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, తెచ్చిన ఎండుమిరపకాయల మూట మా గుమ్మంలో పెట్టింది. మా అత్త తుమ్ముతూ దాన్ని తీసుకుంది. మెచ్చుకోలు అంతటితో అయిపోయింది. అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

అప్పుడు దిగాడు వసంతకుమార్. ఆయన రిటైరైన గుమాస్తా. ఆయన ఇంట్లో గోడకు సున్నం కనబడదు, అన్నీ ప్లాస్టిక్ వేయించిన ప్రశంసా పత్రాలే. పోలియో చుక్కలకు ఒకటి, రక్తదానానికి ఒకటి, ఎలక్షన్ డ్యూటీకి ఒకటి, యోగా దినానికి ఒకటి. యోగా రోజు ఆయన చేసిందల్లా కుర్చీలు వేయించడం. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మేమే దూరంగా ఉండేవాళ్లం.

"నోటితో మెచ్చుకుంటే గాలికి పోతాదమ్మా," అన్నాడు మా అరుగు మీద కూర్చుని. "కాగితం మీద పెట్టాల. పెద్దాఫీసుకు పోవాల. ఈ పని కావాలని కాసుకోనుండే రామేశ్వరమ్మ యెనక యెవరుండారో తెల్సా? బడి కమిటీ పెద్ద ఈరన్న. మరదలికి ఈ పని ఇప్పిచ్చాలని తిరుగుతాండాడు. వచ్చే సుగ్గికి ఇశ్వాసమ్మక్క ఉండాలంటే చేతిలో ఒక కాగితముండాల."

రామేశ్వరమ్మ సంగతి నిజమే. ఆమెకు పొలముంది, మేడ ఉంది, ఇంకా ఈ వంట పని కూడా కావాలి. అయినా నాకు ఆ సలహా నచ్చలేదు.

"అన్నా, చెడ్డ జరిగిందని జెప్తేనే ఇననోల్లు మంచి జెప్తే ఇంటారా?" అన్నాను. "అయినా కందకు లేని దురద కత్తిపీటకేంటికి?"

"ఇట్లనుకునే మనోల్లు యాడేసిన గొంగడి ఆడనే ఉండారు," అన్నాడాయన బాధగా.

మా అత్త వెల్లుల్లి ఒలుస్తూ అంతా విన్నది. ఆయనకు కాఫీ ఇచ్చి వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అంది.

"రాయనీలేమే. నా పేరు మింద ఓటు చీటీ తప్ప ఇంతవరకూ ఒక్క కాగితమూ రాల్యా."

ఆమె మొహం చూసి నేను నోరు మూసుకున్నాను. ఆ మొహంలో సిగ్గు ఉంది, ఆశ ఉంది. అంత వయసు మనిషి ఒక కాగితానికి అలా ఆశపడటం చూస్తే నాకు ఆమె మీద జాలి, లోకం మీద రోత రెండూ కలిగాయి.

మా చర్చిలో ఒక వాడుక ఉంది. దేవుడు మేలు చేస్తే లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. మేలు చేశాడు అని ఊరికే అంటే కుదరదు. ఏ కష్టంలో, ఎవరికి, ఏం చేశాడో ఒక్కటీ విడిచిపెట్టకుండా చెప్పాలి. ఎన్ని చెబితే అంత కృతజ్ఞత ఉన్నట్టు. చదువు రానివాళ్లు సెక్రటరీకి చెప్పుకుంటే ఆయన రాసి, గొంతు సవరించుకుని చదువుతాడు. ఇన్నేళ్లుగా వసంతకుమార్ రాసిన కాగితాలన్నీ అవే. ఆయనకు వచ్చిన రాత అదొక్కటే. సర్కారుకూ అలాగే రాశాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ చదివాడు. షమా, ఇంకో ఇద్దరు ముసల్మాను ఆడవాళ్లు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"మహారాజశ్రీ కలెక్టరు గారికి వందనములతో విన్నవించునది," అని మొదలుపెట్టాడు. "మా గ్రామ హాస్టల్ వంటమనిషి విశ్వాసమ్మ చేసిన మేళ్లు ఏవనగా, రిజిస్టరులో పేరు లేని ఆరుగురు పసిబిడ్డలకు సైతం కన్నతల్లి వలె మూడు పూటలా అన్నము పెట్టినది. షమా కూతురికి జ్వరము వచ్చినప్పుడు ఎవరి అనుమతి కొరకూ కాచుకొనక, తానే గేటు తాళము తీసి, డాక్టరు వద్దకు చంకన ఎత్తుకొని పోయినది. కోడిగుడ్లు రాని వారము తన దుడ్లతో కొని వండి పెట్టినది. రూలు అడ్డమొచ్చిననూ బిడ్డల ఆకలికి అడ్డు చెప్పలేదు."

మాట మాటకూ అందరూ ఆమెన్ అన్నారు. చప్పట్లు కొట్టారు. మా అత్త కొంగుతో మొహం కప్పుకుంది. ఒక్కొక్కరే వచ్చి సంతకం పెట్టారు, వేలిముద్ర వేశారు. షమా వేలిముద్ర వేసి ఆ సిరా వేలిని చూపించి మా అత్తతో నవ్వింది. కింద ఫోన్ నెంబరు రాయాలన్నాడు వసంతకుమార్. సుగ్గికి పోయేవాళ్ల ఫోన్లు చేలో ఉన్నంతసేపు పలకవు. తన నెంబరు చర్చి పనికి మాత్రమేనట. చివరికి నా పేరూ నెంబరూ రాశాడు.

సోమవారం అర్జీలు తీసుకునే రోజు. ఆయన తెల్లచొక్కా వేసుకుని పోయి, సాయంత్రం విజయగర్వంతో తిరిగొచ్చాడు. లైన్లో ఉన్నవాళ్లంతా ఏడుపు మొహాలేనట, నవ్వు మొహం తనదొక్కటేనట. కంప్యూటరు ముందు కూర్చున్న పాప ఇది ఏ రకం అర్జీ అని అడిగిందట. మెచ్చుకోలు అన్నాడట. అలాంటిది కంప్యూటరులో లేదంది. భూమి ఉంది, పింఛను ఉంది, రోడ్డు ఉంది, సిబ్బందిపై ఫిర్యాదు ఉంది. ఏదో ఒకటి నొక్కితే గానీ నెంబరు రాదంది.

"సిబ్బంది అనే మాట దాంట్లోనే ఉండాది గదా, దాన్నే నొక్కమన్నా," అన్నాడు. "వెంటనే నెంబరొచ్చింది సూడు."

ఆయన ఇంకా మా అరుగు దిగకముందే నా ఫోన్ మోగింది. సిబ్బందిపై మీ ఫిర్యాదు నమోదైంది, గడువులోపల చర్య తీసుకోబడును అని మెసేజి.

"ఇదేందన్నా?" అని చూపించాను.

"అది కంప్యూటరు రాసుకునేదమ్మా. మనుషులు లోపలుండే కాగితం సదువుతారు గదా, ఏంటికి భయపడతావు?"

ఆ మాట నిజమే. మనుషులు లోపలి కాగితం చదివారు. చదవకపోయినా బాగుండేది.

ఆడవాళ్లు రెండో కోతకు పోయారు. శివరాత్రికి ముందు ఒక మధ్యాహ్నం బడి ముందు కారు ఆగింది. విచారణకు వచ్చిన సారు బొద్దుగా, చెమటతో తడిసి ఉన్నాడు. కుర్చీలో కూర్చోగానే మా అత్త మజ్జిగ ఇచ్చింది. ఒక గ్లాసు తాగి ఇంకోటి అడిగి తాగాడు. చాలా బాగుందమ్మా అని నోటితోనే మెచ్చుకున్నాడు. పేరు లేని పిల్లల్ని పక్కింటామెకు అప్పగించి నేనూ పోయి గోడ పక్కన నిలబడ్డాను. వసంతకుమార్ ముందు వరుసలో చేతులు కట్టుకుని ఉన్నాడు.

సారు కాగితం తీసి పైపైన చదివి నవ్వేశాడు.

"ఇదేందప్పా! ఇది కంప్లయింటు కాదు గదా, మెచ్చుకోలు! నా సర్వీసులో ఇట్లాంటిది సూడనే లేదు."

"అదే సార్, నేనూ జెప్తాండా," అన్నాడు వసంతకుమార్.

మా అత్త నవ్వింది. నరసన్న సారు కూడా నవ్వాడు. పరవాలేదే, మనిషే అనుకున్నాను నేను.

"అయితే దీన్ని మూయాల గదా," అన్నాడు సారు చెమట తుడుచుకుంటూ. "ఏం చర్య తీసుకున్నామో రాయాల. చర్య లేదని రాస్తే పైనుంచి తిరిగొస్తాది. రేపట్నుంచి నాకు శ్రీశైలంలో శివరాత్రి డ్యూటీ. ఈ పొద్దే ఏదో ఒకటి రాసి పోవాల."

ఏం రాయాలో దొరుకుతుందేమోనని కాగితం మళ్లీ మొదటి నుంచి చదవసాగాడు. ఈసారి వేలు పెట్టి, నెమ్మదిగా చదివాడు.

"పేరు లేని పిల్లలా? ఎంతమంది?"

"ఆరుగురు సార్!" అన్నాడు వసంతకుమార్ ఛాతీ విరుచుకుని. "పేరుండే పిల్లోల్లకెట్లనో వాల్లకూ అట్లనే. ఒక్క తేడా ల్యాదు."

సారు జేబులోంచి పెన్ను తీశాడు.

"నరసన్న సారూ, మీకు తెల్సా ఇది?"

నరసన్న సారు గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. "రిజిస్టరు ప్రకారం అంతా కరెక్టుగానే ఉండాది సార్," అన్నాడు. చూసీ చూడనట్టు ఉండే మనిషి ఆ రోజు అసలు చూడనే లేదు.

అప్పటికి గానీ వసంతకుమార్‌కు తలకెక్కలేదు. మొహం పాలిపోయింది. మా అత్త దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు. "అక్కా, లేదని జెప్పు. నేనే కొంచెం పెంచి రాసినానంటా."

"నువ్వు పెంచి రాయల్యాప్పా, ఉండేదే రాసినావు," అంది మా అత్త. తర్వాత సారు వైపు తిరిగింది. "పెట్టినా సార్. పక్కన అక్క తింటాంటే సెల్లెలు సూస్తా కూసుంటాదా? గేటు నేనే తీసినా. ఆ బిడ్డ ఒళ్లు కాలిపోతాండె. గుడ్లూ నేనే తెచ్చినా."

సారు మూడూ రాసుకున్నాడు. సర్కారు బియ్యం అనర్హులకు పెట్టుట, అనుమతి లేక హాస్టల్ విడిచి పోవుట, బయటి పదార్థములు వండుట. చర్చిలో ఆమెన్ పలికిన ప్రతి మాటకూ ఇక్కడ ఒక నేరం దొరికింది.

"నాకూ పిల్లలుండారమ్మా," అన్నాడు తలెత్తకుండానే. "ఎవరన్నా నోటితో జెప్పింటే నేను గూడా ఇననట్లే పోయిందును. కాగితం మింద పెట్టి, ముప్పై మంది ఏలిముద్రలేసి నా చేతికిస్తే నేనేం జేసేది?"

ఆ మాటలో నిజముంది. అందుకే నాకు మరింత అసహ్యం వేసింది. అబద్ధం చెప్పేవాణ్ని తిట్టవచ్చు. పిరికితనాన్ని నిజంలో చుట్టి ఇచ్చేవాణ్ని ఏం చేయాలి? అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, సరిగ్గా అదీ వీళ్ల తీరు. ఆ ఆరుగురికీ తాము పెట్టరు, పెట్టేదాన్ని ఉండనివ్వరు.

"మజ్జిగ గూడా రాసుకో సార్," అన్నాను ముందుకు వచ్చి. "నీ పేరు గూడా రిజిస్టర్లో ల్యాదు. రెండు గ్లాసులు పోసింది."

సారు ఎర్రబడ్డాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఫిర్యాదు ఇచ్చింది నేనేనంట. నా నెంబరే ఉండాది, సూడు."

ఆయన నా వైపు చూసి, గొంతు తగ్గించి, నాకు మేలు చేస్తున్నట్టుగా చెప్పాడు. "అట్లయితే జాగర్తగా ఇను. ఈమెను పనిలోంచి తీసేసి దీన్ని ఇంతటితో మూసేస్తాండా. నీకు ఆఫీసు నుంచి ఫోనొస్తాది. సంతృప్తి లేదన్నావంటే మల్లా తెరుస్తారు. తిన్న బియ్యమంతా లెక్కగట్టి ఈమె దగ్గరే రాబడతారు. పోలీసు దాకా పోతాది. ఆలోచించుకుని మాట్లాడు."

కారు పోయింది. మా అత్త గ్లాసులు కడిగి బోర్లించింది.

మర్నాడు పొద్దున్నే రామేశ్వరమ్మ వచ్చింది. అంత త్వరగా సర్కారు పని జరగడం మా ఊరు ఎన్నడూ చూడలేదు. మా అత్త తాళాలు ఇచ్చి, ఏ పిల్ల రాత్రి ఉలిక్కిపడి లేస్తుందో, ఎవరికి కారం తగ్గించాలో చెప్పబోయింది.

"అయన్నీ నాకేంటికి? రిజిస్టరుండాది గదా," అంది రామేశ్వరమ్మ.

పేరు లేని ఆరుగురూ మా ఇంటికి వచ్చేశారు. మా ఇంటి బియ్యం వాళ్లకు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ వాళ్ల అక్కలు హాస్టల్లో ఉండలేకపోయారు. షమా పెద్ద కూతురు చీకటి పడగానే గోడ దూకి వచ్చి చెల్లెలి పక్కన పడుకునేది. దాన్ని చూసి మిగతావాళ్లూ దూకసాగారు. లెక్కకు పిల్లలు తగ్గితే తన మీదికి వస్తుందని రామేశ్వరమ్మ గొడవ పెట్టుకుంది. నరసన్న సారు తల్లులకు ఫోన్లు చేయించాడు. మీ పిల్లల్ని మీరే తీసుకుపోండి, ఏదైనా జరిగితే మాకు సంబంధం లేదు అని.

ఈలోగా ఒక రోజు వసంతకుమార్ చంకలో పేపరు పెట్టుకుని వచ్చాడు. ఆ విచారణ సారుకు నెలాఖరు మీటింగులో ప్రశంసా పత్రం ఇచ్చారట. అర్జీలన్నీ గడువులోపల పరిష్కరించినందుకు. సారు శాలువా కప్పుకుని నవ్వుతున్న ఫోటో పడింది. దాన్ని నాకు చూపిస్తూ, "ఫోటో బాగా వచ్చింది," అన్నాడు. పాపం, అలవాటు. చెడ్డ ఫోటోను కూడా మెచ్చుకోకుండా ఉండలేడు. తర్వాత కండువాతో కళ్లు ఒత్తుకుని, ఇంకో అర్జీ పెడదామా, తప్పు జరిగిందని రాద్దామా అని అడిగాడు.

"నువ్వింగ పెన్ను ముట్టినావంటే చేతులిరగ్గొడ్తా," అన్నాను.

పేపరు మడిచి చంకలో పెట్టుకుని లేచి పోయాడు. కనీసం ఎదురు తిట్టినా నా కడుపు మంట కాస్త చల్లారేది. ఆ మనిషికి అదీ చేతకాదు.

తల్లులు వచ్చింది ఒక్కరోజుకే. కోత మధ్యలో వదిలి వచ్చారు, కూలీల మేస్త్రీ తొందర పెడుతున్నాడు. పెద్ద పిల్లల్ని కూడా తీసుకుపోతామన్నారు. చేను గట్టున చిన్నవాళ్లను కనిపెట్టుకుని ఎవరో ఒకరు ఉండాలి కదా! అంటే వాళ్ల చదువు కూడా అయిపోయింది. చదువు పాడవకూడదనే కదా ఆ హాస్టల్ పెట్టింది!

షమా మా గుమ్మంలో తలవంచుకుని నిలబడింది.

"నీ మంచికని ఏలిముద్ర ఏస్తిమి పెద్దమ్మా," అంది. "ఇంగ ఈ జన్మలో ఎవరినీ మెచ్చుకోను."

"అట్లనగూడదు," అంది మా అత్త. "పెద్ద పిల్లోల్లు ఏంటికి రావాల? వాల్లని బల్లోనే ఉండనీ. సిన్నోల్లను సూసుకునేకి నేనొస్తా. ఈడ నాకేం పనుండాది?"

నేను అరిచాను. ఆయాసం సంగతి గుర్తు చేశాను. చేలో చచ్చిపోతావు అని కూడా అన్నాను. ఆమె అప్పటికే రెండు చీరలు, ఒక దుప్పటి, మందుల సీసా మూట కట్టేసింది. మొగుడు పోయాక ఎన్నో ఏళ్లు కట్టిన మూట. మళ్లీ కట్టాల్సిన పని లేదని మేమంతా అనుకున్న మూట.

బండి వచ్చింది. పెద్ద పిల్లలు బడి గేటు లోపల నిలబడి చూస్తున్నారు. మా అత్త వెనక మూటల మధ్య కూర్చుని, షమా చిన్న కూతుర్ని ఒళ్లో పెట్టుకుని, ఘాటు లేకుండానే ముందే ముక్కుకు గుడ్డ కట్టుకుంటోంది. అప్పుడు నా ఫోన్ మోగింది.

"నమస్కారమండీ. స్తుతి గారేనా? సిబ్బందిపై మీరిచ్చిన ఫిర్యాదు మీద చర్య తీసుకోవడం జరిగిందండి. వంటమనిషిని తొలగించడం జరిగింది. ఈ చర్యతో మీరు సంతృప్తి చెందారా?"

మెత్తటి గొంతు. నిన్నో మొన్నో కాలేజీ వదిలి ఉద్యోగంలో చేరిన పిల్ల అయి ఉంటుంది.

"లేదంటే ఏం జేస్తారు?"

"మళ్లీ ఓపెన్ చేస్తామండి. పై అధికారి వచ్చి ఇంకా పూర్తిగా విచారణ చేస్తారు."

నాకు తెలిసిన తిట్లన్నీ నాలుక చివరికి వచ్చాయి. సుగ్గి మొదలైనప్పటి నుంచి దాచుకున్నవి చాలానే ఉన్నాయి. బండివాడు హారన్ కొట్టాడు. ఆ సారు చెప్పిన బియ్యం లెక్కా పోలీసులూ గుర్తొచ్చాయి. మా అత్త నా వైపే చూస్తోంది.

"మేడమ్, లైన్లో ఉన్నారా?"

"సంతోషమే," అన్నాను.

"ధన్యవాదాలండి. చివరిగా ఒక్క ప్రశ్న. నేను మీతో మాట్లాడిన తీరుకు అయిదుకు ఎన్ని మార్కులు ఇస్తారండి?"

అయిదు అన్నాను. ఆ పిల్ల నిజంగా సంతోషపడి థాంక్యూ మేడమ్ అంది.

"ఎవరే? జయపాలా?" అని అరిచింది మా అత్త బండి మీంచి.

"కాదత్తా, ఆఫీసోల్లు. నిన్ను తీసేసినందుకు మనకు సంతోషమా అని అడిగినారు."

"ఏం జెప్పినావు?"

"సంతోషమేనని జెప్పినా. మాట్లాడిన పాపకు అయిదుకు అయిదు మార్కులు గూడా ఏసినా."

షమా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అత్త మాత్రం ఒళ్లో బిడ్డను సర్దుకుంది.

"మంచి పని జేసినావు," అంది. "ఆ బిడ్డ ఉద్యోగమన్నా నిలబడతాది."